నీళ్లింకిన కాయ

దేవుడి దగ్గర చేసిన బాకీ చేసిన చోటే తీర్చాలా, లేక ఎక్కడ తీర్చినా చేరుతుందా? జయకు ఈ సందేహం పరికిణీలు కట్టే వయసులో మొదలైంది. మలేసియాలో కొబ్బరి తోటల నడుమ, రేకుల కప్పు వేసిన కూలీల లైనులో, మామ్మ ఒడిలో తల పెట్టుకుని మొదటిసారి అడిగింది. మామ్మ జవాబు చెప్పకుండా జడ అల్లింది. పెద్దయ్యాక రామమందిరం పూజారిని అడిగితే ఆయన అవుననీ కాదనీ కూడా తల ఊపాడు. పెళ్లయి మహారాష్ట్రలోని దుర్గాపూర్ పవర్ స్టేషన్ కాలనీకి వచ్చినప్పుడు ఆ సందేహం కూడా పెట్టెతో పాటు దిగింది. ఈ మూడేళ్లుగా ఇంట్లో మూడో మనిషిలా ఉంటోంది.

ఆ మొక్కు సంగతి మొదటి నుంచి చదువుతున్నవారికి తెలుసు. మధ్యలో వచ్చి కూర్చున్నవారి కోసం ఇంకోసారి చెప్పడంలో తప్పులేదు. మామ్మ కొత్త పెళ్లికూతురిగా, తొలిచూలు కడుపుతో, విశాఖ తీరంలోని నీలమ్మపాలెం వదిలి మలేయా ఓడ ఎక్కింది. ఊరు దాటేముందు పొలిమేరలోని నీలమ్మ తల్లి రాయి ముందు నిలబడి, "బిడ్డతో ఒడ్డు చేరితే తిరిగొచ్చి కొబ్బరికాయ కొడతానమ్మా" అంది. ఒడ్డు చేరింది. బిడ్డ పుట్టాడు. ఆ బిడ్డే జయ తండ్రి. తిరిగి రావడమే కుదరలేదు. లక్షల కాయలు దింపే తోటలో బతుకంతా గడిపిన మనిషి ఒకే ఒక్క కాయ బాకీ ఉండిపోయింది. ఇక్కడే గుళ్లో కొట్టెయ్యమని ఎవరైనా అంటే, "ఇవన్నీ దొర కాయలు. దొర కాయతో నా మొక్కేటి తీరుద్ది?" అనేది. ముసలితనంలో సొంత పెరట్లో ఒక మొక్క నాటింది. అది కాసిన తొలికాయను పెళ్లినాడు జయ చేతిలో పెట్టింది. పెళ్లికొడుకు గిరిధర్‌ది ఆ నీలమ్మపాలెమే. ఆ సంబంధం కుదరడానికి వేరే కారణం లేదు.

మూడేళ్లుగా ఆ కాయ పసుపు గుడ్డలో బీరువా మీద ఉంది. ప్రతి సెలవులకూ ఊరు వెళ్దామనడం, ఏదో ఒకటి అడ్డం రావడం. ఇప్పుడు జయకు ఏడో నెల. పురిటికి పుట్టింటికి వెళ్లాలంటే ఇప్పుడే వెళ్లాలి, ఇంకొన్నాళ్లయితే విమానం ఎక్కనివ్వరు. ఇంకో మూడు రోజుల్లో మద్రాసు రైలు. పెట్టె సర్దుతూ కాయను కిందికి దింపి, "ముందు మీ ఊరు తీసుకెళ్లండి, తర్వాతే ప్రయాణం" అని ఆమె పట్టుబట్టింది. గిరిధర్ బూట్ల తాళ్లు కట్టుకుంటూ, "ఆ ఊరు లేదు జయా" అని ఒక్కమాట అని రాత్రి షిఫ్టుకు వెళ్లిపోయాడు. పోయినవారం అక్కడ ఆగాం.

తెల్లవారింది. ఆమె కాయను ఒళ్లో పెట్టుకుని చాప మీదే కూర్చుని ఉంది.

దూరంగా పవర్ స్టేషన్ హోరు. వచ్చిన కొత్తలో ఆ హోరు విని, సముద్రం దగ్గర్లోనే ఉందని సంబరపడింది జయ. సాయంత్రం ఒడ్డుకు తీసుకెళ్లమని కూడా అడిగింది. గిరిధర్ నవ్వి, మేడ మీదికి తీసుకెళ్లి, ఎరుపూ తెలుపూ పట్టీల చిమ్నీలను చూపించాడు. సముద్రం ఏ దిక్కున వెళ్లినా రాత్రీ పగలూ రైల్లో కూర్చోవలసినంత దూరం. అయినా ఇప్పటికీ కళ్లు మూసుకుంటే అది సముద్రమే. నిద్రకూ మెలకువకూ మధ్య, మంచం కింద ఇసుక మీదికి అల వచ్చి వెనక్కి తగ్గుతున్నట్టే ఉంటుంది.

మామ్మ చెప్పిన 'మన దేశం' అలా ఉండేది. అందరూ తెలుగే మాట్లాడతారు. గుమ్మం దిగితే ఇసుక. అమ్మోరికి పేరుపేరునా అందరూ తెలుసు. జయ దిగిన దేశంలో స్టేషన్ బోర్డు మీది అక్షరాలే ఆమెకు తెలియవు. కూరలమ్మే ఆమె మరాఠీలో కేకేస్తుంది. తెలుగు మాట్లాడే పక్కింటి సారక్క మాట కూడా మొదటి నెల సగం అర్థమయ్యేది కాదు. పొద్దున్నే లేచి తులసి ఆకుల మీది బొగ్గు నుసిని తడిగుడ్డతో తుడవాలి. అన్నిటికంటే విచిత్రం, 'మన దేశం'లో ఉండటానికి ఏడాదికోసారి పోలీసు ఆఫీసుకు వెళ్లి అనుమతి అడగడం. ఆమె పాస్‌పోర్టు పరాయిది మరి.

గేటు చప్పుడైంది. గిరిధర్ లోపలికి రాలేదు. బూడిద పట్టిన చొక్కాతో గుమ్మంలోనే కూర్చున్నాడు.

"ఊరు లేకపోడమేటండి?" అంది జయ, కూర్చున్నచోటి నుంచే.

"ఫ్యాక్టరీకి తీసుకున్నారు. మాదీ, చుట్టుపక్కలవీ. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. మా ఇల్లున్న చోట ఇప్పుడు పట్టాలున్నాయి. వ్యాగన్లు ఆగుతాయి."

"అమ్మోరో?"

"తెలీదు."

ఆ మాట అంటున్నప్పుడు అతను ఆమెవైపు చూడలేదు, తలుపు గొళ్లెం వైపు చూశాడు.

"మూడేళ్లు. ఒక్కమాట చెప్పలేకపోయారా?"

"ఎలా చెప్పను? మీ మామ్మ నా ఉద్యోగం చూసి ఒప్పుకుందా, నా మొహం చూసి ఒప్పుకుందా? ఊరి పేరు చూసి ఒప్పుకుంది. ఫోనులో అడిగిన మొదటి మాట, 'బాబూ, అమ్మోరి దగ్గర రావి చెట్టుందా ఇంకా?' అని. ఉందన్నాను. ఆ అబద్ధం అక్కడ ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఊరే లేదంటే ఇక నేనెవర్ని, జయా, మీ వాళ్లకి?"

జయకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపం మధ్యలో ఎక్కడో, ఒక హైస్కూలు పిల్లాడు పుస్తకాల సంచితో వచ్చేసరికి ఇల్లు లేకపోవడం కనిపించింది. దాన్ని పక్కకు నెట్టింది.

"మామ్మ మాట మోసుకుని ఇంత దూరం వచ్చాను. దిగిన కాడ ఊరూ లేదు, అమ్మోరూ లేదు. మరి నేనెందుకండీ ఇక్కడ?" ఆమె గొంతు ఎత్తలేదు. "ఎల్లుండి వెళ్తాను. ఆ రైలెక్కితే మళ్లీ వస్తానని మాత్రం మాటివ్వలేను."

గిరిధర్ తల ఎత్తాడు.

అంతలో బయట గొంతు. "ఓ జయమ్మా! నిన్న నువ్వు దవఖానకు పోయినప్పుడు గ్యాస్ బండ వచ్చింది. మా ఇంట్ల పెట్టిచ్చిన. మీ సారును జర ఎత్తుకపొమ్మను చెల్లె, మా ఆయన నడుం పట్టుకొని కూసున్నడు!"

సారక్క. పక్క క్వార్టరు. ఆమె భర్తది బొగ్గు గని నుంచి బదిలీ మీద ఇక్కడికి వచ్చిన ఉద్యోగం. జయ ఊళ్లో లేనప్పుడు పాల ప్యాకెట్టూ, కరెంటు బిల్లూ, చివరికి ఇంటి తాళం కూడా ఆమె దగ్గరే ఉంటాయి. ఆమె వెనకే, పెద్ద ముక్కుపుల్ల, మోకాళ్లకు కొంచెం కింద దాకా కట్టిన చీరతో ఒక ముసలమ్మ.

"మా అత్త గంగవ్వ. లక్కడ్‌కోట్ల ఉంటది. సాలుకొక్కపారి మాంకాళి జాత్రకు వస్తది, నన్ను తిట్టి పోతది."

"తిట్టకపోతే నేనొచ్చిన్నని ఎట్ల ఎరుకైతది నీకు?" అంది గంగవ్వ, ఆహ్వానం కోసం ఆగకుండా చాప మీద చతికిలబడుతూ.

సారక్క జయ ముఖం చూసింది, గుమ్మంలో గిరిధర్ ముఖం చూసింది. "ఏంది గీ మొఖాలు? సారూ, ముందు బండ తెచ్చుకోండ్రి పోండ్రి" అని అతన్ని పంపేసింది. ఆ తర్వాత జయ చెప్పకుండా ఉండలేకపోయింది. ఓడ, రాయి, కాయ, పట్టాలు, వ్యాగన్లు. అన్నీ చెప్పింది.

గంగవ్వ చెయ్యి చాపి కాయ తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల ఏదో గుల్లగా దొర్లింది.

"నీళ్లింకిపోయినయ్ బిడ్డా. కుడుక అయ్యింది."

జయకు తెలుసు. కిందటి వేసవి నుంచే నీళ్ల చప్పుడు తగ్గుతూ వచ్చింది. ఒక్కోరోజు పొద్దున్నే బీరువా దగ్గర నిలబడి ఊపి చూసి, వినబడిందని తనకు తనే చెప్పుకునేది.

"నీళ్లులేని కాయ కొట్టద్దు," అంది సారక్క మెల్లగా. "అసలే కడుపుతోటున్నవ్, నువ్వు కొట్టనే కొట్టద్దు. నువ్వు కడుపుతోటున్నంక మీ సారు సుత కొట్టద్దు."

"అయితే అన్నీ మూసుకుపోయినట్టే కదక్కా," అంది జయ. నవ్వబోయింది. నవ్వు రాలేదు.

గంగవ్వ కోడలివైపు విసుగ్గా చూసింది. "కుడుకను కొడ్తరానే ఎవ్వలన్న? ఒడిల పోస్తరు గని. నీ ఒడిబియ్యంల మీ అమ్మ కుడుకలు పెట్టలేదా? గీడ మరాఠి ఆడోళ్లు మాంకాళికి ఒడి నింపుతలేరా? అమ్మవారు ఆడిబిడ్డ కాదా? బిడ్డా, మీ ముసలవ్వ పెరట్ల కాసిన కాయను తీసుకపోయి అమ్మవారి ఒడిల పెట్టు. అయిపాయె."

జయ గంగవ్వ చేతిలోని కాయ వైపు చూసింది. కొట్టడం తప్ప కాయకు ఇంకో దారి ఉంటుందని ఆమెకు ఎన్నడూ తట్టలేదు. అయినా పాత సందేహం అంత తేలిగ్గా లేచిపోతుందా?

"అవ్వా, మామ్మ మొక్కింది ఈ అమ్మోరికి కాదు. ఒకరి బాకీ ఇంకొకరికి ఇస్తే తీరుద్దా?"

గంగవ్వ బొడ్లో నుంచి వక్క తీసి కొరికింది.

"నేను లక్కడ్‌కోట్‌కు కోడలుగ వచ్చినప్పుడు గది నిజాం రాజ్యం. ఇంకో పొద్దు లేచేటాల్లకు బొంబాయి అన్నరు. మల్ల మహారాష్ట్ర అన్నరు. నేను యాడికి పోలె బిడ్డా. గదే పొయ్యి, గదే గడప. నా పిలగాండ్ల పలక మీద అక్షరాలు మారినయ్. నా పుట్టిల్లు వాగు అవతల, ఆడ తెలుగు రాజ్యం. ఈడ నేను మరాఠోళ్ల లెక్కల. తాసిల్ల నా పేరు సుత తిప్పి రాసిన్రు. మొదట మస్తు ఏడ్చిన. మా పోచమ్మను ఎవ్వలన్న అడిగిన్రా, నువ్వెటు పోతవని?"

"అడిగితే ఏమన్నదట పోచమ్మ?" అంది సారక్క.

"ఏమంటది? బోనం తెమ్మన్నది."

జయ నిజంగానే నవ్వింది. నవ్వుతూనే ఆ ముసలమ్మ పాదాల వైపు చూసింది. ఒక్క అడుగు వెయ్యకుండా దేశం మారిన పాదాలు అవి. తను సముద్రం దాటి వచ్చి పడుతున్న అవస్థ, ఈమె పొయ్యి ముందు కూర్చునే పడింది. ఎవరూ ఆమెను పరాయిదని రిజిస్టరులో రాయలేదు. అంతే తేడా.

గిరిధర్ సిలిండరు భుజాన ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు. గంగవ్వ అతనివైపు వక్క పట్టిన వేలు చూపించింది.

"ఆ బండ ఎవ్వలది?"

"మాదే అవ్వా."

"మీరు ఇంట్ల లేరు. నా కోడలు తీసుకొని పెట్టింది. ఇప్పుడు మీకు ముట్టిందా లేదా?" జయవైపు తిరిగింది. "ఇంట్ల మనిషి లేకపోతె పక్కింట్ల ఇచ్చి పోతం. మనుషులం మనమే గంత చేస్తం. అమ్మవార్లు ఒకరికొకరు గంత కూడ చెయ్యరా?"

గిరిధర్ సిలిండరు దించడం మరిచి అలాగే నిలబడ్డాడు.

మాంకాళి గుడికని ముగ్గురు ఆడవాళ్లూ ఎక్కిన ఆటో జట్‌పురా గేటు దాటి, పాత కోటగోడ నీడలో ఊరిమధ్య నుంచి సాగింది. గిరిధర్ రాలేదు. వస్తారా అని జయ అడగలేదు. ఎండ అప్పటికే గోడల మీద తెల్లగా మరుగుతోంది. ఎస్టీడీ బూతు ముందు ఎవరో మరాఠీలో అరుస్తున్నారు. మేడల మీద కొత్తగా లాగిన కేబుల్ తీగలు. గుడి దగ్గరికి వచ్చేసరికి రోడ్డు కనిపించడం మానేసింది. పసుపు ముఖాల ఆడవాళ్లు, నెత్తిన మూటలు, డప్పులు, వేపరెమ్మలు. జర్పట్ వాగులో నీళ్లు సన్నగా ఉన్నాయి. ఒడ్డంతా పొయ్యిలు. బెల్లం పాకం వాసన, పొగ.

ఆ జనం నడుమ నడుస్తుంటే జయకు కాళ్ల కింద నేల కొంచెం తేలినట్టనిపించింది. ఒక చెవిలో తెలుగు, ఒక చెవిలో మరాఠీ, ముందర నడిచే గుంపులో గోండు మాట. ఒకామె ఇంకో ఆమె పిల్లాడిని ఎత్తుకుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పిల్లాడు హాయిగా నిద్రపోతున్నాడు. ఇది ఎక్కడ చూసింది తను? ఎస్టేటులో, జీతాల రోజున, బజారు వీధిలో. తమిళం, మలాయి, చైనా మాట, మధ్యలో మామ్మ గొంతు, "ఇదిగో అమ్మీ, చెయ్యి వదలకు."

ఇది మామ్మ చెప్పిన దేశంలా లేదు. మామ్మ బతికిన దేశంలా ఉంది.

మూడేళ్లలో ఇది తనకు ఎందుకు కనబడలేదో జయకు తెలియలేదు. ఇసుక కోసం వెతుకుతూ కూర్చున్నవాళ్లకు కాళ్ల కింద ఉన్న మట్టి కనబడదేమో.

వరుసలో ముందున్న మరాఠీ ఆమె వెనక్కి తిరిగి, జయ కడుపు చూసి, పక్కకు జరిగింది. "పుఢే జా, బాయి," అంటూ ముందుకు పొమ్మని చెయ్యి ఊపింది. ఆమె ముందున్నామె కూడా జరిగింది. అలా ఒక్కొక్కరూ. సారక్క మోచేతులతో దారి చేసింది. గంగవ్వ కొంగులోంచి బియ్యం, పసుపుకొమ్ము, రవికెగుడ్డ తీసి జయ చేతిలో కాయ పక్కన పెట్టింది. "ఇవి నావి. కాయ మీది."

గర్భగుడి గడప కనిపిస్తోంది. నూనెదీపాల వెలుగు, లోపల ఎర్రగా, కదులుతూ.

"జయా! ఆగు!"

గిరిధర్. అదే బూడిద చొక్కా. పక్క తడికెకు అవతల, జనాన్ని తోసుకుంటూ, చెమటలు కారుతూ వచ్చి వెదురుకర్ర పట్టుకున్నాడు.

"పొద్దున తెలీదన్నాను. అది కూడా అబద్ధమే. ఊరు ఖాళీ చేసిన రోజు నేనక్కడే ఉన్నాను. నీలమ్మ తల్లి రాయి ఎక్కడుందో నాకు తెలుసు." ఊపిరి అందక ఆగాడు. "చెప్పనని మా నాన్నకు మాటిచ్చాను. ఆయన పోయేముందు కూడా ఇంకోసారి వేయించుకున్నారు ఒట్టు. నువ్వా రైలెక్కి రాకపోతే ఆ మాట నిలబెట్టుకుని నేనేం చేసుకోను?"

జయ పెదాల మీదికి 'ఎక్కడ?' అన్న మాట వచ్చేసింది. వెనక నుంచి జనం తోస్తున్నారు. డప్పు దగ్గరపడింది. ఆ ఒక్క మాట అడిగితే చాలు. కాయ మళ్లీ పసుపు గుడ్డలోకి వెళ్తుంది. మళ్లీ సెలవులు, మళ్లీ వాయిదాలు. మామ్మకు ఇప్పుడు చూపు కూడా సరిగా లేదు. ఫోను చేసినప్పుడల్లా ఒకటే అడుగుతుంది, కాయ ఏమైందని.

ఆమె కాయను చెవి దగ్గరకు తీసుకుని ఒకసారి ఊపింది. లోపల గుల్ల చప్పుడు. నీళ్లు ఇంకిపోయినా ఇంకా మిగిలి ఉన్నదేదో, తనే వచ్చి గోడకు తగులుతున్నట్టు.

తల వంచి గడప దాటింది.

లోపల చల్లగా ఉంది. నూనె, కుంకుమ, తడి రాయి వాసన. బియ్యం, పసుపుకొమ్ము, రవికెగుడ్డ, వాటి మీద కాయ. అమ్మవారి ఒడి అని పూజారి చూపించిన చోట రెండు చేతులతో పెట్టింది. చేతులు తీసేటప్పుడు ఒక్క క్షణం వేళ్లు వదల్లేదు. మలేయాలో పెరిగి, బీరువా మీద ఎండి, ఇన్నాళ్లూ ఎవరిదీ కాని ఆ కాయ దీపం వెలుగులో ఇంకో పది కాయల మధ్య కలిసిపోయింది. ఏది తనదో మళ్లీ వెతికితే గుర్తుపట్టలేదు.

"మామ్మా, ఇచ్చేసాను," అంది, పైకి వినబడకుండా.

పూజారి ఆ కుప్పలోంచి ఇంకో కాయ తీసి ఆమె చాచిన కొంగులో వేశాడు. ఎవరి పెరట్లోదో. బరువుగా ఉంది. ఒడి కదిలితే లోపల నీళ్లు తొణికాయి. దానికి బదులన్నట్టు కడుపులో బిడ్డ కూడా మెసిలింది.

బయట ఎండలో గిరిధర్ తడికె పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. సారక్క, గంగవ్వ ఎందుకో కొంచెం వెనకబడ్డారు.

"ఎక్కడని అడగవేం?" అన్నాడు.

"అడుగుతాను. రైలు ఎల్లుండి కదండీ. చెప్పడానికి మీకు రేపంతా ఉంది." జయ కొంగు ముడి బిగించుకుంది. "ఆ అమ్మోరు ఎక్కడున్నా సరే, ముందు ఒక కబురు మాత్రం చెప్పీండి. మా మామ్మ కాయ తెచ్చాం, ఇంట్లో మీరు లేరు, పక్కింట్లో ఇచ్చి వచ్చామని."